మీ ఊరి చెల్కలో పడ్డ గాలిమోటరు: అసలు కథ ఎట్లా వెతికి పట్టుకోవాలి

మన వరంగల్ దిక్కు కొన్ని ఊళ్ళల్లో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది (గాలిమోటరు అంటే విమానం, చెల్క అంటే మెట్ట చేను): "లడాయి అయిపోయినంక మా చెల్కల గాలిమోటరు పడ్డది, అందులో పిలగాడు కాలిపోయిండు." ఎవరా పిలగాడు, ఎక్కడివాడు, ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. చెప్పగలిగిన తాతలు, అవ్వలు ఏటికేడు తగ్గిపోతున్నారు. నేను చెప్పబోయేది ముఖ్యంగా మిలిటరీ శిక్షణ విమానాల గురించి. శిక్షణలో విమానం కూలి పోయినవాళ్ళలో చాలామంది ఇరవై ఏళ్ళ అటూ ఇటూ ఉన్న పిల్లలే. ఇంటికి పోయిన టెలిగ్రాంలో మహా అయితే రెండు ముక్కలు ఉండి ఉంటాయి, ఏ ఊరి చేలో పడ్డాడు, ఎవరు ఉరికొచ్చి బయటికి లాగారు, ఎవరి ఎడ్లబండి మీద రోడ్డు దాకా తెచ్చారు అన్నది ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ సగం మన ఊళ్ళలో ఉంది, మిగతా సగం ఫైళ్ళలో ఉంది. రెండూ కలిపే పని ఊరివాళ్ళే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఫైళ్ళు ఎక్కడికీ పోవు కానీ మనుషులు పోతారు. అందుకే ఆర్కైవ్స్‌కి ఉరకకండి. ముందు మీ వాడలో కూర్చోండి.

మొదట తేల్చాల్సింది ఏ లడాయి అన్నది. పెద్దవాళ్ళు లడాయి అంటే అది 1939-45 నాటి ప్రపంచ యుద్ధం కావచ్చు, 1962, 1965, 1971 కూడా కావచ్చు. పైగా మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1948లో ఆకాశంలో తిరిగిన విమానాలన్నీ శిక్షణవి కావు. ఆ ఏడాది ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ పెద్ద లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం సంస్థానానికి దొంగచాటుగా ఆయుధాలు మోశాడు, సెప్టెంబర్ 13 నుంచి పోలీస్ చర్య మొదలైతే భారత వైమానిక దళం యుద్ధ విమానాలు వచ్చాయి. అంతకుముందు, అదే ఏడాది తొలి నెలలకల్లా భారత సైన్యం సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఖాళీ చేసి వెళ్ళిపోయింది. కాబట్టి ఎవరన్నా "రజాకార్ల జమానాలో, నలభై ఎనిమిది ఎండాకాలంలో" అని ఖచ్చితంగా చెప్తే అది మిలిటరీ శిక్షణ విమానం అయ్యే అవకాశం తక్కువ, ఆ కథను వేరే దారిలో వెతకాలి. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు, బేగంపేటలోని ఫ్లయింగ్ క్లబ్బు విమానాలు కూడా ఉండేవి, అవి సివిల్ కిందికి వస్తాయి. మామునూరులో నిజాం కట్టించిన విమానాశ్రయం ఉంది కదా, విమానం అక్కడిదే అయ్యుంటుందని ఊళ్ళో చాలామంది తేల్చేస్తారు. దిగే చోటు దగ్గర ఉన్నంత మాత్రాన విమానం అక్కడిది అయిపోదు.

మరి శిక్షణ విమానం ఇంత దూరం ఎందుకొస్తుంది? యుద్ధకాలంలో బేగంపేటలో కొత్త పైలట్లకు మొదటి పాఠాలు చెప్పే స్కూలు టైగర్ మాత్ అనే చిన్న విమానాలతో నడిచింది, తర్వాత హకీంపేట, బీదర్, 1970ల నుంచి దుండిగల్ అకాడమీ వచ్చాయి. కొంచెం చెయ్యి తిరిగిన విద్యార్థిని మ్యాపు ఇచ్చి దూరం పంపిస్తారు, కింద కనిపించే రైలు పట్టాలు, చెరువులు, నదులు చూసుకుంటూ పోయి తిరిగి రావాలి. హైదరాబాద్ నుంచి వరంగల్ గాల్లో సుమారు 140 కిలోమీటర్లు. మూడు దిక్కుల పట్టాలు కలిసే కాజీపేట జంక్షన్, దానికి ఉత్తరాన గోదావరి, పైనుంచి చూసేవాడికి ఇంతకంటే మంచి గుర్తులు ఏముంటాయి. వానకాలం మబ్బుల్లో దారి తప్పడం, పెట్రోల్ అయిపోయి చేలల్లో దించబోవడం, తక్కువ ఎత్తులో మలుపు తిప్పుతూ వేగం పడిపోయి గింగిరాలు తిరుగుతూ కిందికి రావడం, ఈ రకం విమానాలు ఎక్కువగా ఇట్లాగే కూలేవి.

ఇప్పుడు అసలు పని, సంవత్సరం పట్టుకోవడం. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఏదో ఒక అంకె చెప్తారు, దాన్ని నమ్మి ఫైళ్ళ వెంట పడితే నెలలు పోతాయి. ఇట్లా అడగండి: "అవ్వా, గాలిమోటరు పడ్డప్పుడు నీ లగ్గమైందా? ఏ పిల్ల కడుపుల ఉన్నది? నాట్లా, కోతలా? బతుకమ్మకు ముందా, ఎనకనా?" దొడ్డి కొమురయ్య చనిపోయింది 1946 జులై 4న, సాయుధ పోరాటం విరమించింది 1951లో, మొదటి ఓట్లు పడ్డది 1951-52లో. ఈ మూడింటికి ముందా తర్వాతా అని అడిగితే చాలా తేలిపోతుంది. "సంఘపోళ్ళు తిరుగుతుండంగనే" అన్నా "మొదటిసారి ఓటేసినంక" అన్నా అది అంకె కంటే గట్టి సాక్ష్యం.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చిన పద్ధతి పీర్ల పండుగ. అది చాంద్రమాన పండుగ, అధికమాసాలు లెక్కలోకి రావు కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. మన దసరా మాత్రం సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ లోపలే ఉంటుంది. 2015, 2016, 2017లో దసరా ఒక రోజైతే పీర్లు ఆ మర్నాడో రెండో రోజో లేచాయి, మీకు గుర్తుండే ఉంటుంది. సరిగ్గా అట్లాగే 1950, 1951, 1952లో కూడా రెండూ ఒకే వెన్నెల్లో వచ్చాయి. 1947లో పీర్ల పండుగ దీపావళి దాటాక నవంబర్ చివర్లో, 1946లో డిసెంబర్ మొదట్లో. ముసలాయన "ఆ ఏడు బతుకమ్మ, పీర్లు ఒక్కసారే వచ్చినయి, అదే నెలల మోటరు పడ్డది" అన్నాడనుకోండి, మీరు మూడేళ్ళలోకి దిగిపోయినట్టే. కాకపోతే సుమారు ముప్ఫై మూడేళ్ళకు ఇదే కలయిక మళ్ళీ వస్తుంది, 1982-84లోనూ అంతే. అందుకే చెప్పే మనిషి వయసు కూడా పక్కన రాసుకోవాలి.

ఒక్కొక్కరిని విడివిడిగా అడగండి. నలుగురు కూర్చున్న చోట అడిగితే గట్టిగా మాట్లాడేవాడి కథ అందరి కథ అయిపోతుంది. ఫోన్‌లో రికార్డ్ చేయండి, ముందే చెప్పి చేయండి. "రెండు రెక్కలుండేనా?" అని నోరందించకండి, "ఎట్లుండే?" అని అడిగి ఊరుకోండి, చాలాసేపు ఊరుకోండి. ఆడవాళ్ళను, పశువులు కాసినవాళ్ళను తప్పక అడగాలి. విమానం పడ్డప్పుడు చెల్కల్లో ఉన్నది వాళ్ళే, పేపర్ వాళ్ళు అడగనిది కూడా వాళ్ళనే. చివర్లో ఇవి అడగండి: ఎవరు మొదట ఉరికారు, ఎంతమంది ఉన్నారు, ఊపిరి ఉందా, మిలిటరీ జీపు ఎన్నో రోజు వచ్చింది, కాపలా ఎన్ని రోజులు పెట్టారు, ఇనుము ఎవరు ఎత్తుకపోయారు. ఒకరే ఉన్నారంటే విద్యార్థి ఒంటరిగా ఎగిరిన రోజు, ఇద్దరంటే పక్కన పంతులు ఉన్నాడన్నమాట. ఫైల్లో ఈ తేడా తప్పకుండా ఉంటుంది కాబట్టి మీ దగ్గరి కథ, ఆ ఫైలు ఒకటేనా కాదా అని సరిచూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

వాళ్ళు చెప్పిన ఆకారం నుంచి విమానం ఏదో చాలావరకు తేల్చొచ్చు. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, గుడ్డ కప్పినట్టు ఉంది, మంట అంటుకుంటే నిమిషాల్లో బూడిదైంది, మనిషి తల బయటికి కనిపించేది అంటే అది టైగర్ మాత్. రెక్కలకు కర్ర చట్రం, ఒంటికి ఉక్కు గొట్టాల చట్రం, వాటి మీద గుడ్డ తొడిగి చేసేవారు, 130 హార్స్‌పవర్ ఇంజన్, ముందొకరు వెనకొకరు కూర్చుంటారు. కాలిపోయాక మిగిలేది నాలుగు సిలిండర్ల ఇంజన్ దిమ్మె, ఉక్కు గొట్టాలు, రెక్కలను బిగించిన తీగలు, వాటి బిగింపు మరలు. మనవాళ్ళ దగ్గర ఇది 1950లలో కూడా ఎగిరింది. అదే "చెవులు పగిలే మోత, ముందర ముక్కు గుండ్రంగ, అంతా రేకే" అంటే హార్వర్డ్ అయ్యుండొచ్చు. తొమ్మిది సిలిండర్లు చుట్టూ చక్రంలా అమర్చిన ఇంజన్ దానిది, ఆ మోత ఇంజన్‌ది మాత్రమే కాదు, ఫ్యాను కొసలు దాదాపు శబ్దవేగాన్ని అందుకోవడం వల్ల వచ్చేది. 1970ల దాకా మన వైమానిక దళంలో ఉంది. దానికంటే చిన్నది, రేకుదే, మోత తక్కువ అంటే బెంగళూరులో మనవాళ్ళే తయారుచేసిన హెచ్‌టీ-2 కావచ్చు, అది మొదట ఎగిరింది 1951లో, కాబట్టి దానికి ముందు సంవత్సరం ఎవరు చెప్పినా పొసగదు. ముందర ఫ్యానే లేదు, వెనక రెండు కాడలు అంటే వాంపైర్ జెట్, ఇద్దరు కూర్చునే రకం 1950ల మధ్యలో వచ్చింది. ఫ్యాను లేదు, వెనక రెండు కాడలూ లేవు, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారంటే కిరణ్, మొదట ఎగిరింది 1964లో. పక్కపక్కనే కానీ ముందర ఫ్యాను ఉందంటే హెచ్‌పీటీ-32, 1980ల తర్వాతి మాట.

చోటు విషయంలో "పెద్దచెరువు కట్ట కింద" అంటే చాలదు. సర్వే నంబరు కావాలి. ఆ పొలం అప్పుడు ఎవరిదో తెలిస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులో నంబరు దొరుకుతుంది, తహసీల్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ పని ఎందుకంటే చెరువులు పెరిగాయి, కాలువలు వచ్చాయి, ఊళ్ళే జరిగాయి, నంబరు మాత్రం ఉంటుంది. పోలీస్ పటేల్, పట్వారీ కుటుంబాలను కూడా కలవండి. ఆ రోజుల్లో ఊళ్ళో పిడుగు పడి మనిషి చనిపోయినా పైకి రిపోర్టు రాయాల్సింది పోలీస్ పటేలే, విమానం పడితే రాయకుండా ఉంటాడా. కొన్ని ఇళ్ళల్లో పాత దఫ్తర్లు మూటకట్టి అటక మీద ఉంటాయి.

ఆ కాగితాలు ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉంటాయి, తేదీలేమో ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో. భయపడకండి. హైదరాబాద్ ఫస్లీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే 590 కలపండి, జనవరి తర్వాత అయితే 591. అట్లా 1356 ఫస్లీ అంటే 1946 అక్టోబర్ నుంచి 1947 అక్టోబర్ దాకా. నెలల పేర్లు ఆజూర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ అని వరుసగా పోతాయి, ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. చదివిపెట్టడానికి వరంగల్‌లో రిటైరైన ఉర్దూ టీచర్లు ఉన్నారు, మర్యాదగా అడిగితే ఎంతో ఇష్టంగా చదివిపెడతారు.

సంవత్సరం, నెల దగ్గరికి వచ్చాకే పేపర్లు తిరగేయండి. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం నుంచి మొదలుపెట్టమంటాను, పక్కనే ఉండి కూడా మనం పట్టించుకోని చోటు అది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. గోలకొండ పత్రిక, మీజాన్, దక్కన్ క్రానికల్, మద్రాసు నుంచి వచ్చే ఆంధ్రపత్రిక, హిందూ చూడండి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టిన పాత తెలుగు పత్రికలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఇట్లాంటి వార్త మొదటి పేజీలో ఉండదు, లోపల ఎక్కడో నాలుగు లైన్లలో ఉంటుంది. ఘటన జరిగిన మర్నాటి పేపరుతో ఆపకుండా ఆ వారం మొత్తం చూడండి, పల్లె నుంచి కబురు పట్నం చేరడానికే రోజులు పట్టేవి. ఊరి పేరు ఇంగ్లిష్ పేపర్లో గుర్తుపట్టలేనంత వంకరగా ఉండొచ్చు. పాత జిల్లాల లెక్కలో వెతకాలని మరచిపోకండి: 1953 దాకా ఖమ్మం కూడా వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పటి జనగామ జిల్లాలో కొంత భాగం అప్పుడు నల్గొండ కింద ఉండేది.

వైమానిక దళం పేరు కూడా మారింది. 1945 మార్చి నుంచి 1950 జనవరి 26 దాకా దాని పేరు రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్, అంతకుముందూ ఆ తర్వాతా ఇండియన్ ఎయిర్ ఫోర్స్. ఆన్‌లైన్‌లో రెండు పేర్లతోనూ వెతకాలి. భారత్ రక్షక్ సైట్‌లో మన వైమానిక దళం ప్రమాదాల జాబితా తేదీల వారీగా ఉంది, మొదటి తనిఖీకి అంతకంటే సులువైనది లేదు. 1947 డిసెంబర్ 31 లోపు విధుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉంటాయి, భారతీయులవి కూడా. సమాధి చనిపోయిన చోటికి దగ్గరే ఉంటుందనుకోకండి. చెన్నైలోని యుద్ధ శ్మశానం 1952లో కట్టిందే దక్షిణ, తూర్పు భారతంలోని చిన్న చిన్న శ్మశానాల నుంచి సమాధులను అక్కడికి చేర్చడానికి. దహనం చేసినవాళ్ళ పేర్లు స్మారకాల మీద మాత్రమే ఉంటాయి. బ్రిటిష్ పైలట్ అయితే లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ప్రమాదాల కార్డులు ఉన్నాయి, ఫారం 1180 అంటారు, కార్డుకొక ప్రమాదం. తేదీ, విమానం నంబరు ఇచ్చి ఈమెయిల్ రాయండి. శిక్షణ స్కూళ్ళ దినచర్య పుస్తకాలు లండన్‌లో కియూలోని బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 29 అనే వరుసలో ఉంటాయి. ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ గోడ మీద పేరు లేదని నిరాశపడకండి, అక్కడ ఉన్నవి ముఖ్యంగా యుద్ధాల్లో, ఆపరేషన్లలో పోయినవాళ్ళ పేర్లు. సంస్థానం ఫైళ్ళ కోసం తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్, కేంద్రం ఫైళ్ళ కోసం ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్.

ఇవేవీ పనిచేయకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, కేంద్రం ఆర్‌టీఐ పోర్టల్‌లో ఇండియన్ ఎయిర్ ఫోర్స్‌ను ఎంచుకోవచ్చు. "ప్రమాదం గురించి మొత్తం సమాచారం ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది. ఇట్లా రాయండి: "1951 అక్టోబర్ నెలలో పూర్వపు వరంగల్ జిల్లా ఫలానా గ్రామం దగ్గర కూలిన శిక్షణ విమానం రకం, నంబరు, బయలుదేరిన స్థావరం, విచారణ సంఘం ఇచ్చిన ముగింపు తెలపగలరు. ఫైలును నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపి ఉంటే ఆ బదిలీ వివరాలు ఇవ్వగలరు." చట్టంలోని సెక్షన్ 8(3) ప్రస్తావించండి, ఇరవై ఏళ్ళు దాటిన ఘటనలకు దేశ భద్రత లాంటి కొన్ని మినహాయింపులు తప్ప మిగతావి అడ్డు రావని అది చెప్తుంది. చివరి వాక్యం ముఖ్యం, "మా దగ్గర లేదు" అని వచ్చినా ఎక్కడుందో తెలుస్తుంది. జవాబు నచ్చకపోతే ముప్ఫై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి, బద్ధకించకండి.

చేలో ఇంకా ముక్కలున్నాయని ఎవరన్నా చూపిస్తే చేత్తో తవ్వొద్దు. శిక్షణ విమానాల్లోనూ తుపాకీ పేల్చడం, చిన్న బాంబులు వేయడం నేర్పేవారు, తుప్పు పట్టిన మందు ఇంకా ప్రమాదం. గొట్టంలా, తూటాలా కనిపిస్తే దూరం జరిగి 100కో 112కో ఫోన్ చేయండి. మామూలు రేకు ముక్కైతే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, దాని మీద గుద్దిన అంకెలు, అక్షరాలు మసక లేకుండా రావాలి, ఎండ ఏటవాలుగా పడే పొద్దున గానీ సాయంత్రం గానీ తీస్తే బాగా కనిపిస్తాయి. రెండక్షరాలు, మూడంకెలు కలిసి కనిపిస్తే అది విమానం నంబరు అయ్యే అవకాశం ఉంది, అట్లాంటి నంబరు ఒక్కటి దొరికినా సగం వెతుకులాట తప్పుతుంది. పాత ఇనుము వాళ్ళకు అమ్మనివ్వకండి.

పేరు దొరికిన రోజు మీ చేతులు వణుకుతాయి, వెంటనే వాట్సాప్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ముందు కుటుంబం. ఆ అబ్బాయి తమ్ముడో, చెల్లెలో, అన్న కూతురో బతికే ఉండొచ్చు. వాళ్ళకు రాసేటప్పుడు మంట, శరీరం వివరాలు అడగకుండా చెప్పొద్దు. ఊరివాళ్ళు ఉరికొచ్చారు, నీళ్ళు తాగించారు, ఒంటి మీద దుప్పటి కప్పారు లాంటివి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, ఉన్నవే చెప్పండి. కార్డు మీద "పైలట్ పొరపాటు" అని ఉంటే దాన్ని తీర్పులా చదవొద్దు. యుద్ధం ముగిసి అనుభవమున్న పంతుళ్ళు ఇళ్ళకు పోతున్న రోజులవి, 1947లో దళమే రెండు దేశాల మధ్య పంచుకోబడింది, రిసాల్‌పూర్ లాంటి శిక్షణ స్థావరం పాకిస్తాన్‌కు పోయింది. కొన్ని గంటలే ఎగిరిన పిల్లవాడి మీద ఒక్క మాట రాసి ముగించడం తేలిక.

ఈ దుఃఖం పాతది మాత్రమే కాదు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ శిక్షణ విమానం కూలి పంతులు, విద్యార్థి ఇద్దరూ పోయారు, దాన్ని కళ్ళారా చూసిన ఊరివాళ్ళు ఉన్నారు. అట్లాంటి ఊరు మీదైతే యాభై ఏళ్ళు ఆగకుండా ఇప్పుడే, తేదీ వేసి, ఎవరేం చూశారో రాయించి పెట్టండి.

దొరికినదంతా ఒక చోట పెట్టేటప్పుడు ఎవరు చెప్పింది, ఎప్పుడు చెప్పింది, ఏ కాగితంలో ఉంది అన్నది ప్రతి వాక్యం పక్కన రాయండి. పెద్దాయన మాటకూ ఫైలుకూ తేడా వస్తే రెండూ ఉంచండి, ఒకదాన్ని కొట్టేయొద్దు. రికార్డింగులు ఒక్క ఫోన్‌లోనే ఉంచకండి, ఒక పెన్‌డ్రైవ్ భాషానిలయంలో, ఒకటి మీ ఊరి బళ్ళో ఇవ్వండి. చేలో చిన్న రాయి పాతాలనుకుంటే ముందు ఆ రైతును అడగండి, ఆయన ఒప్పుకున్నాక గ్రామసభలో తీర్మానం చేయించండి, రాయి మీద పేరు, తేదీ, విమానం రకం చాలు. ఆ తీర్మానం నకలు, సర్వే నంబరుతో సహా, కుటుంబానికి స్పీడ్ పోస్టులో పంపండి.